అన్యాయాన్ని తట్టుకుని బతికినవాళ్ల పుస్తకాలు: మీరు మరిచిపోలేనివి చెప్పండి

పాలేరు గట్టు

అందరికీ నమస్కారం. ఖమ్మంలో మేం కొంతమందిమి ఆదివారాలు ఒకచోట కూర్చుని, చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటున్నాం. ఇద్దరు టీచర్లు, ఒక నర్సు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, డిగ్రీ పిల్లలు. ఇప్పటిదాకా ఎవరికి నచ్చింది వాళ్లు తెచ్చారు. ఈసారి ఒకే దారిలో వరసగా చదవాలని అనుకున్నాం. మనిషికి అన్యాయం జరిగింది, ఆ తర్వాత ఎలా బతికారు అన్నదే విషయం. నవలైనా ఆత్మకథైనా సరే, అనువాదమైనా సరే, తెలుగులో దొరికితే చాలు.

ఒక్క కోరిక. పేర్లు రాసి వెళ్లిపోకండి. ఆ పుస్తకంలో మిమ్మల్ని పట్టుకున్నది ఏదో చెప్పండి. "గొప్ప పుస్తకం, తప్పక చదవాలి" అని చెప్పి మావాళ్ల చేత నాలుగు వందల పేజీలు చదివించలేను.

ఓరుగల్లు పోరడు

అక్కా, మొదాలు 'ఏడుతరాలు'. అలెక్స్ హేలీ 1976ల రాసిన 'రూట్స్'ను సహవాసి తెలుగు చేసిండు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మా హాస్టల్ల ఒక్కటే కాపీ ఉండె. అట్ట ఊడిపోయి, గది గదికి తిరిగేది.

ఆఫ్రికా ఖండం, గాంబియాల జుఫూరే అనే ఊరు. కుంటా కింటే అనే పిలగాడు డోలు చేసుకుందామని కట్టె కోసం అడవికి పోతడు, అక్కడ్నే పట్టుకపోతరు. అమెరికాల దించి, బానిసను చేసి, పేరు మార్చి టోబీ అంటరు. మళ్లమళ్ల పారిపోతున్నడని సగం పాదం నరుకుతరు. చదివినోళ్లందరు ఆ పాదం ముచ్చటే చెప్తరు. నాకైతే ఆయన బిడ్డ కిజ్జీ ముచ్చట మర్వస్తలేదు. దొర ఇంటి పిల్ల ఆటల్ల ఆటగ ఆమెకు అక్షరాలు నేర్పిస్తది. కిజ్జీ ఆ అక్షరాలతోని, తను ఇష్టపడ్డ పిలగానికి పారిపోయేటందుకు దొంగ పాసు రాసిస్తది. అది బయటపడ్డ రోజే ఆమెను అమ్మేస్తరు. తల్లి కాళ్లావేళ్లా పడ్డా ఆగదు. తల్లిదండ్రులు ఆమెను మళ్ల చూడరు. చదువు వస్తే బాగుపడ్తరని మనకు చిన్నప్పటి సంది చెప్తరు కదా. చదువు వచ్చినందుకే అమ్ముడుపోయిన పిల్లను నేను గండ్లనే చూసిన.

అయినా కిజ్జీ చావదు. కొడుకును సాదుతది, తండ్రి చెప్పిన ముచ్చట్లు వానికి చెప్తది. అట్ల చెప్పుకుంట చెప్పుకుంట రచయిత దాకా వచ్చినయి.

సీమ నీడ

నాది 'రెక్కలు చాచిన పంజరం'. ఫ్రెంచి పుస్తకం 'పాపియాన్'కు మా ప్రొద్దుటూరు ఎం.వి.రమణారెడ్డి గారి అనువాదం. హెన్రీ షారియేర్ అనే మనిషి, 1931లో హత్యకేసులో యావజ్జీవం పడితే, ఆ హత్య నేను చేయలేదు అంటాడు. ఫ్రెంచి గయానా జైళ్లకు పంపుతారు. పారిపోతాడు, దొరుకుతాడు, మళ్లీ పారిపోతాడు.

పారిపోయే ఘట్టాలు ఎవురైనా ఊపిరి బిగబట్టి చదువుతారు. నేను చెప్పేది ఏకాంత శిక్ష గురించి. సెయింట్ జోసెఫ్ దీవిలో ఆ జైలుకు ఖైదీలు పెట్టుకున్న పేరే మనుషుల్ని మింగేది అని. మాట్లాడకూడదు. పైనుంచి కాపలావాడు నడుస్తా చూస్తాంటాడు. ఈ మనిషి ఏం చేస్తాడంటే, గోడ నుంచి గోడకు అడుగులు లెక్కపెట్టుకుంటా నడుస్తాడు, తిరుగుతాడు, మళ్లీ నడుస్తాడు. ఒళ్లు అలిసిపోతే గానీ మనసు తన మాట వినదని అతనికి తెలుసు. బయట ఉండే స్నేహితులు బకెట్లో దాచి కొబ్బరికాయ పంపుతారు. అది పట్టుబడినప్పుడు ఎవురు పంపినారో చెప్పమంటే చెప్పడు. తిండి తగ్గించినా చెప్పడు. ఒంటరిగా గదిలో పడి ఉండేవాడు కూడా ఇంకొకరి కోసం నోరు మూసుకుని ఉండగలడు అని నాకు అక్కడ తెలిసింది.

అనువాదం గురించి కూడా ఒక మాట. చదువుతాంటే ఎక్కడా పరాయి పుస్తకం అనిపించదు.

నీలి సిరా

రెండూ చదివాను, రెండూ వదలకుండా చదివిస్తాయి. కానీ ఒక విషయం ముందే మీ గ్రూపుకు చెప్పడం మంచిది. పాపియాన్ 1969లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఫ్రాన్సులోనే దాన్ని ఖండిస్తూ పుస్తకం వచ్చింది. ఇతర ఖైదీలకు జరిగినవి కూడా తనవిగా రాసుకున్నాడని అన్నారు. హేలీ మీద కూడా, తన నవలలోని భాగాలు వాడుకున్నాడని హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత కోర్టుకు వెళితే 1978లో డబ్బిచ్చి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. జుఫూరేలో హేలీకి వంశచరిత్ర చెప్పిన కథకుడి మాటల మీద కూడా చరిత్రకారులకు అనుమానాలున్నాయి.

అన్యాయం గురించి రాసిన పుస్తకం "ఇది నిజంగా జరిగింది" అని చెప్పుకుంటే, ఆ బాధ్యత ఇంకా ఎక్కువ ఉంటుంది. ఒక్కచోట కల్పించారని తేలితే, అన్యాయమే జరగలేదని వాదించేవాళ్లకు అది ఆయుధం అవుతుంది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

ఓరుగల్లు పోరడు

నీలి సిరా గారు, మీరు చెప్పింది ఒప్పుకుంట. కోర్టు సంగతి మా గ్రూపుల కూడా చెప్పుకున్నం. కానీ ఓడలల్ల మనుషులను గొలుసులేసి తెచ్చింది నిజం. పిల్లలను తల్లుల దగ్గర్నుంచి గుంజుకుని అమ్మింది నిజం. బానిసల పేర్లు కూడా రాయని కాయితాలల్ల సాక్ష్యం దొరకాలంటే ఎక్కడ దొరుకుతది? రాసిపెట్టే హక్కు దొరకే ఉండె కదా.

తెనాలి మాస్టారు

ఇద్దరి మాటల్లోనూ బరువుంది. నా సలహా ఏమిటంటే, ఆ రెండు పుస్తకాలనూ నవలలుగా చదవండి. నవల చేసే పని వేరు. మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది, ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువుల మేతకు కట్టే పన్ను, దానికి ఎదురు తిరిగిన సత్యాగ్రహంలో అరెస్టయి, 1922లో జైల్లో ఉండగా రాశారు. అప్పటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పాత్రలు కల్పితం. గొడవ మొదలైన కారణం చూడండి: కూలి ధాన్యంగా ఇవ్వాలా, డబ్బుగా ఇవ్వాలా! ధరలు పెరిగిన రోజుల్లో డబ్బిస్తే కూలివాడు మునుగుతాడు, గింజలిస్తే ఆసామి లాభం తగ్గుతుంది. ఆ లెక్క దగ్గరే సంగదాసు ప్రాణం పోతుంది. కొట్టి చంపినవాడు చౌదరయ్య. తర్వాత రామదాసు కుటుంబం ఒక్కొక్క మెట్టే ఎలా దిగజారిందో, భూమి ఎలా పోయిందో, నేరస్థులని ముద్రవేసినవాళ్లను ఉంచే సెటిల్‌మెంటుకు ఎలా తోలారో చదువుతుంటే అది కల్పితమన్న సంగతే గుర్తురాదు.

భాష గురించి భయపడకండి. గుంటూరు పల్లెటూళ్ల మాట అది, బిగ్గరగా చదివితే సులువుగా వస్తుంది. కానీ పెద్ద పుస్తకం. మీ టీచర్లలో ఒకరు ముందుగా చదివి పెట్టుకుంటే మేలు. రామదాసు వేదాంతం మాట్లాడే పేజీలు ఈనాటి పిల్లలకు బరువనిపిస్తాయి, అక్కడ ఓపిక పట్టాలి.

ఒంగోలు పాఠకుడు

'మాలపల్లి' మీద నాకు గౌరవం ఉంది మాస్టారూ. కానీ ఆ పల్లెలో పుట్టినవాళ్లే చెప్పిన కథ పక్కన లేకపోతే ఆ చదువు సగమే అవుతుంది. జి.కళ్యాణరావు 'అంటరాని వసంతం', 2000లో వచ్చింది. పాలేరు గట్టు గారూ, ఒక్క పుస్తకమే చదివే వీలుంటే ఇదే చదవండని అడుగుతాను.

రూతు అనే ముసలావిడ గుర్తుచేసుకుంటూ చెబుతుంది. ఎన్నెలదిన్ని అనే ఊరు. ఎల్లన్న పాటగాడు. భాగోతమంటే ప్రాణం. ఎల్లన్న పాటలు ఎవరూ రాసిపెట్టలేదు, అతని పేరు ఏ సాహిత్య చరిత్రలోనూ ఉండదు. అవి మనుషుల నోళ్లలో మిగిలాయి కాబట్టి రూతు దాకా వచ్చాయి.

నన్ను వదలని ఘట్టం కరువుది. 1876-78 నాటి ధాత కరువు. తినడానికి ఏమీ లేక ఎల్లన్న కొడుకు శివయ్య, భార్య శశిరేఖను వెంటబెట్టుకుని ఊరు వదులుతాడు. బకింగ్‌హామ్ కాలువ తవ్వుతున్నారు, పని దొరుకుతుందని ఆశ. దారిలో మనుషులు పడి చచ్చిపోతుంటారు. ఎలాగో ప్రాణాలు ఉగ్గబట్టుకుని కాలువ దగ్గరికి చేరితే, అక్కడ మట్టి తవ్వుతున్నవాళ్లు, వాళ్లూ ఆకలికి వచ్చినవాళ్లే, అంటరానివాళ్లతో కలిసి పని చేసేది లేదని వీళ్లను తరుముతారు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి లేచి తిరిగాను. కరువులో అందరూ ఒకటే అవుతారని ఎవరన్నా అంటే ఇప్పుడు నేను ఊరుకోను.

ఇది ఊహించి రాసింది అనుకోకండి. ఆ కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి పని ఇచ్చారు. మా జిల్లాలో ఇన్ని పల్లెలు ఎందుకు క్రైస్తవంలోకి వెళ్లాయో బళ్లో ఎవరూ చెప్పలేదు. కాలువ ఇప్పటికీ ఉంది. పెదగంజాం వైపు వెళ్లినప్పుడల్లా దాన్ని చూస్తాను, శివయ్య గుర్తొస్తాడు.

ఒక సాయం చెబుతాను. తరాలు ముందుకూ వెనక్కూ పోతాయి, పేర్లు ఎక్కువ. మొదట్లోనే ఒక కాగితం మీద ఎవరికి ఎవరు ఏమవుతారో గీసుకోండి.

పాలేరు గట్టు

మీ అందరికీ ఎంతో కృతజ్ఞతలు. కాలువ సంగతి చదివాక మా టీచర్ ఒకామె అప్పుడే పుస్తకం కోసం ఫోన్లు మొదలుపెట్టింది. ఒక మాట అడగనా? ఇప్పటిదాకా వచ్చిన వాటిలో రాసినవాళ్లందరూ మగవాళ్లే. ఆడవాళ్లు తామే చెప్పుకున్నవి చెప్పండి.

వానచినుకు

అక్కా, మీరు అడిగారు కాబట్టి మనసారా రాస్తున్నాను. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి'. 2012లో వచ్చేనాటికి ఆమెకు తొంభై దాటాయి. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెళ్లి, ఊహ తెలియని వయసులోనే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం. ఒంటి మీది నగలు పార్టీకి ఇచ్చేశారు. ఆ తర్వాత భర్త వేరే దారిన వెళ్లిపోయారు. ముప్పై దాటాక హైదరాబాదు వచ్చి పిల్లల వయసు వాళ్ల పక్కన కూర్చుని చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేరారు. పోలీసుల చేతిలో పడ్డ కొడుకు తిరిగి రాలేదు. కూతురూ పోయింది. మనవరాళ్లను పెంచుకొచ్చారు.

ఇంత జరిగినా ఆ పుస్తకంలో గొంతు ఎక్కడా పెరగదు. వంట ఎలా చేశారో, ఇల్లు ఎలా మారారో, ఏ ఊళ్లో ఎవరు అన్నం పెట్టారో చెబుతారు. సాయం చేసిన ప్రతి మనిషినీ పేరుతో గుర్తుపెట్టుకున్నారు. నాకు కళ్లనీళ్లు తెప్పించింది అదే. సీతారామయ్య గారు చివరి రోజుల్లో చూడాలని కబురు పెడితే వెంటనే వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఆమె దాచుకోలేదు. త్యాగమూర్తిని చేసి పూలదండ వేసేద్దామని చూసేవాళ్లకు ఆ పేజీలు సమాధానం.

రెండోది 'మనకు తెలియని మన చరిత్ర', 1986. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాశారు. చాకలి ఐలమ్మ, దూడల సలమ్మ, మల్లు స్వరాజ్యం ఇంకా ఎందరో. కమలమ్మ అనే ఆమె అడవిలో దళంతో ఉండగా బిడ్డ పుడితే, పార్టీ చెప్పిందని ఆ బిడ్డను ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చింది. దొర చేసిన అన్యాయం గురించి ఎంత సూటిగా చెబుతారో, తమవాళ్లు చేసినదాని గురించీ అంతే సూటిగా చెబుతారు. తుపాకులు దింపాక మగవాళ్లు నాయకులయ్యారు, వీళ్లను ఇంటికెళ్లి వంట చేసుకోమన్నారు. నీలి సిరా గారూ, మీరు నిజం గురించి అడిగారు కదా, మీకు ఈ పుస్తకం నచ్చుతుంది. ఇందులో ఒకరి మాటకు ఇంకొకరి మాట పొంతన కుదరని చోట్లు కూడా అలాగే ఉంచారు.

నీలి సిరా

ఇదే నేను కోరుకునేది. జ్ఞాపకం ఎక్కడ తడబడిందో పాఠకుడికి కనిపించనిస్తే, మిగతాదాన్ని నమ్మడానికి ధైర్యం వస్తుంది. దీనితోపాటు వై.బి.సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' కలపండి. ఇంగ్లీషులో రాశారు, తెలుగు చేసింది పి.సత్యవతి గారు. ఒక మాదిగ కుటుంబం తరాల చరిత్ర. వాళ్ల పూర్వీకుడు మంచి చెప్పులు కుట్టి ఇస్తే నిజాం మెచ్చి యాభై ఎకరాలు ఇచ్చాడు. ఊరి దొర అందులో రెండెకరాలు మాత్రం వదిలి మిగతాది లాక్కున్నాడు. రాజు ఇచ్చిన భూమి కూడా ఊళ్లో నిలవలేదు. ఆ తర్వాత ఆ కుటుంబాన్ని నిలబెట్టింది రైల్వేలో చిన్న ఉద్యోగం, పిల్లల్ని చదివించాలన్న బాలయ్య పట్టుదల. ఒక ప్రభుత్వ ఉద్యోగం, నెల జీతం, తలదాచుకోవడానికి క్వార్టర్ ఒక మనిషికి ఎంత స్వేచ్ఛ ఇస్తాయో ఇంత వివరంగా చెప్పిన పుస్తకం నేను ఇంకొకటి చదవలేదు.

తెల్లగౌను

మీ గుంపులో నర్సు ఉన్నారని చదివి రాస్తున్నా, నేనూ నర్సునే. ఎ.రేవతి 'ఒక హిజ్రా ఆత్మకథ' చదవండి. ఇదీ సత్యవతి గారి అనువాదమే, దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. తమిళనాడు పల్లెటూళ్లో మగపిల్లాడిగా పుట్టి, అన్నల చేతి దెబ్బలు తిని, ఇల్లు వదిలి వెళ్లిన మనిషి. ఆపరేషన్ గురించి ఆమె రాసిన పేజీలు ఆస్పత్రుల్లో పనిచేసే ప్రతి ఒక్కరూ చదవాలి. నేను పనిచేసిన వార్డుల్లో ఇలాంటివాళ్లు వస్తే ఏ వరసలో నిలబెట్టాలని మావాళ్లు వాదించుకుంటుంటే, వాళ్లు నొప్పితో నిలబడే ఉండేవారు. ఈ పుస్తకం చదివాక ముందు కుర్చీ వేసి కూర్చోబెడుతున్నా.

డెట్రాయిట్ తెలుగు

తెలుగులో దొరకాలన్నారు, అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇటలీ రసాయన శాస్త్రవేత్త ప్రిమో లేవి 1944లో నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఖైదీ. బతికొచ్చి రాసిన 'ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్' 1947లో వచ్చింది. అందులో స్టైన్‌లాఫ్ అని ఒక ఖైదీ ఉంటాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో సార్జెంటు. సబ్బు లేదు, నీళ్లు మురికి, తుడుచుకోవడానికి చొక్కా తప్ప ఏమీ లేదు. అయినా రోజూ ముఖం కడుక్కుంటాడు. ఎలాగూ చచ్చేవాళ్లం, ఈ కడుక్కోవడం ఎందుకని లేవికి అనిపిస్తుంది. మనల్ని జంతువులుగా మార్చడానికే ఇదంతా కట్టారు, దానికి మనం ఒప్పుకోకూడదు, అందుకని కడుక్కోవాలి అని అతను చెబుతాడు. లేవి ఆ మాటను మొత్తంగా ఒప్పుకోడు కూడా, అనుమానంతోనే రాసుకుంటాడు. ఆ ఒక్క అధ్యాయాన్ని మీలో ఎవరైనా తెలుగులో చెప్పి వినిపిస్తే చాలు, గంటసేపు మాట్లాడుకోవచ్చు.

సీమ నీడ

లేవి గురించి చదివితే చేతులు వణుకుతాండాయి. అయితే అక్కా, వరసగా ఇవే చదివితే మనుషులు తట్టుకోలేరు. మధ్యలో డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' పెట్టండి. చిన్న పుస్తకం. పందులు కాసే ముసలాయన, ఈనడానికి సిద్ధంగా ఉండే తల్లిపంది తప్పిపోతే అడవిలోకి పోతాడు. ఆ రాత్రంతా అడవితో పోరాటమే. అతనికి పేరు కూడా లేదు. కుల అన్యాయం గురించి ఉపన్యాసం ఒక్కటీ ఉండదు. కానీ ఒక పంది పోతే ఆ మనిషికి ఏం పోతుందో మనకు తెలుసు కాబట్టి ప్రతి చప్పుడుకూ గుండె ఆగుతాది. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో డాక్టరుగా బతుకంతా గడిపిన మనిషి ఆయన. ఒంటి బాధ తెలిసినవాడి చెయ్యి అని చదువుతాంటేనే తెలుస్తాది. ముగింపు ఎవురికీ చెప్పొద్దు.

ఓరుగల్లు పోరడు

ఇంక రెండు, గబగబ చెప్తున్న. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', వెట్టి చాకిరీ, దొర ఇండ్లల్ల దాసీలుగ ఉన్న ఆడబాపల బతుకు తెలువాలంటే. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం', 1940 సంవత్సరంల జోడేఘాట్ల ఏం జరిగిందో తెలువాలంటే. రెండోది చదివినంక వీలైతే జోడేఘాట్ పోయి రండి, ఆసిఫాబాద్ దిక్కు.

పాలేరు గట్టు

నిన్న రాత్రి మావాళ్లకు మీ మాటలన్నీ చదివి వినిపించాను. అందరం కలిసి ఒక వరస అనుకున్నాం. ముందు 'అతడు అడవిని జయించాడు', చిన్నది కాబట్టి డిగ్రీ పిల్లలు కూడా పూర్తి చేస్తారు. తర్వాత 'మాలపల్లి', దాన్ని వెంబడే 'అంటరాని వసంతం', రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవాలని. ఆపైన 'మనకు తెలియని మన చరిత్ర'. మా నర్సమ్మ మాత్రం రేవతి గారి పుస్తకం ఎవరికోసమూ ఆగి చదవనంది, ఈపాటికే తెప్పించుకుంటోంది. 'ఏడుతరాలు', 'రెక్కలు చాచిన పంజరం' వేసవి సెలవులకు. కొన్ని ప్రతులు ఇక్కడ దొరకడం లేదు. ఎక్కడ వెతకాలి?

తెనాలి మాస్టారు

హైదరాబాదు వెళ్లేవాళ్లుంటే కాచిగూడ నవోదయలో అడగమనండి, లేనివి కూడా చెప్పి పెడితే తెప్పిస్తారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతులు దొరుకుతాయి, కానీ లోపల పేజీలు పోయాయేమో చూసి మరీ కొనాలి. 'మాలపల్లి' కొనేటప్పుడు సంక్షిప్త ప్రతి కాకుండా పూర్తి పుస్తకమే తీసుకోండి. నా దగ్గర రెండు ప్రతులున్నాయి, ఒకటి మీకు పోస్టులో పంపిస్తానమ్మా. చిరునామా ఇక్కడ రాయకుండా విడిగా పంపండి.